కుర్రవాళ్లకే పట్టింపు ఎక్కువా, ఊరిని బట్టి మారుతుందా? సర్వేకు దిగేముందు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఎం.ఏ. సోషియాలజీ ప్రాజెక్టు కోసం పర్యావరణం మీద పట్టింపు తరానికీ తరానికీ, ప్రాంతానికీ ప్రాంతానికీ ఎలా మారుతుందో చూడాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, నల్గొండ, హైదరాబాద్ అనుకున్నారు. 200 మందికి గూగుల్ ఫారం పంపితే చాలని గైడు అన్నారు. చేతిలో నాలుగు నెలలున్నాయి. అది సరిపోతుందా, ఏం అడగాలి, చివరికి ఏం తేలొచ్చు అని అడిగారు.

సూటిగా చెప్తాను. గూగుల్ ఫారం సరిపోదు. మూడు ప్రాంతాలు వద్దు, రెండు చాలు. ఆ రెండూ ఉద్దానం, నల్గొండ అయితే మంచిది, హైదరాబాద్‌ను వదిలేయండి. ఒకే ఇంట్లో పెద్దవాళ్లనొకరిని, చిన్నవాళ్లనొకరిని జంటగా తీసుకుని, మొత్తం 90 జంటలను ఎదురుగా కూర్చుని అడగండి. 180 మంది అవుతారు, మీ గైడు చెప్పిన లెక్కలోనే పడుతుంది.

ఏం తేలొచ్చు అంటే నా అంచనా ఇది: తరాల తేడాగా కనిపించేదాంట్లో పెద్ద వాటా చదువుదీ, ఫోనుదీ. ప్రాంతాల తేడా మాత్రం అసలుది. ముప్పు ఎవరి గడప దాకా వచ్చిందో, వాళ్లకు ఏ వయసులో వచ్చిందో, దాన్ని బట్టే పట్టింపు ఉంటుంది. కుర్రవాళ్లకే ఎక్కువ అనే సూత్రం ఒక జిల్లాలో నిలబడి పక్క జిల్లాలో తిరగబడొచ్చు. మీ ప్రాజెక్టుకు విలువ వచ్చేది ఆ తిరగబడే చోటును పట్టుకుంటేనే.

గూగుల్ ఫారంతో అసలు చిక్కు తక్కువమంది నింపడం కాదు. నింపేవాళ్లలో వయసూ, చదువూ, ఊరూ మూడూ కలిసిపోయి వస్తాయి. నింపే 22 ఏళ్ల అమ్మాయి డిగ్రీ చదివినదే అయ్యుంటుంది. నింపే 60 ఏళ్లాయన రిటైరైన టీచరో, బ్యాంకు ఉద్యోగో అయ్యుంటాడు. ఉద్దానంలోని కవిటి మండలంలో జీడిపిక్కలు ఒలిచే అరవయ్యేళ్లావిడకు మీ లింకు చేరదు. నల్గొండ జిల్లా మర్రిగూడలో పత్తి ఏరడానికి పోయే కోడలికీ చేరదు. చివరికి మీరు పోల్చేది చదువుకున్న పెద్దవాళ్లనూ, చదువుకున్న చిన్నవాళ్లనూ. ఆ తేడాకు తరం అని పేరు పెడతారు.

చదువు సంగతి కొంచెం విడమరచాలి. ఎం.సి.మెహతా అనే న్యాయవాది వేసిన కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని చదువులో తప్పనిసరి చేయమని 1991లోనే చెప్పింది. 2003లో మళ్లీ గట్టిగా ఆదేశించింది. యూజీసీ తయారుచేసిన ఆరు నెలల పేపరు ఆ తర్వాత డిగ్రీల్లోకి వచ్చింది. కాబట్టి ఇవాళ నలభైలోపు ఉన్న డిగ్రీవాళ్లలో చాలామంది జీవవైవిధ్యం, ఓజోన్ పొర అని ఒకసారైనా రాసి పాసైనవాళ్లే. ‘పర్యావరణ పరిరక్షణ అవసరమని భావిస్తున్నారా’ అని అడిగితే వాళ్లకు ఏం చెప్పాలో తెలుసు. అదే ప్రశ్న వాళ్ల నాయనమ్మనడిగితే ‘మాకేం తెలుసు బాబూ, చదువుకున్నోళ్లు మీరే చెప్పాలి’ అంటుంది. కానీ ఆ బోరు నీళ్లు ఏ ఏడాది నుంచి ఉప్పగా మారాయో, చెరువు కట్ట కింద ఏ మడి ఎప్పుడు బీడయ్యిందో చెప్పేది ఆవిడే. మీ ఫారం ఆవిడకు సున్నా వేసి, మనవడికి ఐదు వేస్తుంది.

వయసు, తరం, కాలం: ఒక్కసారి చేసే సర్వేలో ఈ మూడూ విడిపోవు. ఇవాళ 60 ఏళ్లున్నవాళ్లంతా ఒకే కాలంలో పుట్టినవాళ్లే. వాళ్ల జవాబు వయసు పైబడినందుకు అలా ఉందో, ఆ కాలంలో పెరిగినందుకు అలా ఉందో మీ టేబుల్ చెప్పదు. దీనికి పూర్తి మందు లేదు. రెండూ పల్లెలే అయ్యేలా చూసుకుని, ముప్పు వచ్చిన కాలం వేర్వేరుగా ఉన్న రెండు చోట్లను తీసుకుంటే చాలావరకు తెలుస్తుంది. ఉద్దానం, నల్గొండ అన్నది అందుకే.

నల్గొండ చూడండి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ తరాల నాటి సమస్య. తాగే నీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన ఫ్లోరైడ్ హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీరు లేకపోతే 1.5 దాకా. ఆ హద్దు దాటిన నీళ్లు చిన్నప్పటి నుంచి తాగినవాళ్లకు పళ్లు గారపట్టాయి, వయసొచ్చేసరికి ఎముకలు వంగాయి. తర్వాత కృష్ణా నీళ్లు విడతలుగా వచ్చాయి. 2016లో మొదలైన మిషన్ భగీరథతో నల్లాలు వచ్చాయి. యాభై దాటినవాళ్లకు ఫ్లోరైడ్ అంటే తోబుట్టువో, పక్కింటివాడో. ఇరవై ఏళ్లలోపు వాళ్లకు అది తాతగారి వీపు మీద కనిపించే పాత సంగతి. ఇక్కడ నీటి గురించి పెద్దవాళ్ల పట్టింపే ఎక్కువగా తేలాలి.

ఉద్దానంలో కథ వేరు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు. కారణం ఇదీ అని ఇంకా ఖాయంగా తేలలేదు. జబ్బు పడేవాళ్లలో పొలం పనులు చేసుకునే నడివయసువాళ్లు చాలామంది. డయాలసిస్‌కు తీసుకెళ్లేది కొడుకులూ కోడళ్లూ. నీటి పథకం కూడా ఆలస్యంగా వచ్చింది, హిరమండలం రిజర్వాయరు నుంచి నీళ్లిచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. ముప్పు ఇంకా ముగియలేదు, చిన్నవాళ్ల కళ్ల ముందే ఉంది. ఇక్కడ తరాల తేడా కనిపించకపోవచ్చు, లేదా చిన్నవాళ్ల వైపు మొగ్గొచ్చు.

రెండూ నీటితో ముడిపడ్డ భయాలే, రెండూ పల్లెలే. మారేది ముప్పు ఏ తరం మీద పడింది అన్నదే. నా అంచనా తప్పని తేలినా మీకు మంచి ఫలితమే. అప్పుడు ముప్పు కంటే చదువే బలమైనదని చెప్పగలుగుతారు.

హైదరాబాద్‌ను ఎందుకు వదలమన్నానంటే, అక్కడ అన్నీ ఒకేసారి మారతాయి: ఆదాయం, కుటుంబం, ఇల్లు సొంతమా అద్దెనా, నీళ్లు ట్యాంకరువా కుళాయివా. పైగా కంచ గచ్చిబౌలి లాంటి వ్యవహారం ఇంకా తాజాగా ఉంది. 2025 మార్చి చివర్లో 400 ఎకరాల్లో చెట్ల నరికివేత మీద హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ విద్యార్థులు రోడ్డెక్కారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. నెమళ్ల వీడియోలు అందరి ఫోన్లలోకీ వచ్చాయి. పర్యావరణం కుర్రవాళ్ల సంగతి అనే అభిప్రాయం మనలో చాలామందికి అలాంటి దృశ్యాల నుంచే వచ్చింది. 2010లో సోంపేట బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ కేంద్రం వద్దని లేచినవాళ్లలో రైతులూ, మత్స్యకారులూ, అన్ని వయసులవాళ్లూ ఉన్నారు. జూలై 14న పోలీసు కాల్పుల దాకా వెళ్లింది. వాళ్లు మాట్లాడింది బీలలోని నీళ్ల గురించి, చేపల గురించి, దాని కింద సాగు గురించి. చరిత్రకారుడు రామచంద్ర గుహ, ఆర్థికవేత్త జోన్ మార్టినెజ్ అలియెర్ ‘పేదల పర్యావరణవాదం’ అన్నది సరిగ్గా దీన్నే. కడుపు నిండాకే ప్రకృతి గుర్తొస్తుందన్న పాశ్చాత్య సిద్ధాంతాన్ని అలాగే తెచ్చి సోంపేటకు తగిలిస్తే అతకదు.

ఇప్పుడు పని ఎలా చేయాలో చూద్దాం.

జంటలు. ఒకే ఇంట్లో 55 దాటినవారొకరు, 20 నుంచి 35 మధ్యవారొకరు. వీలైనంతవరకు ఒకే లింగం వాళ్లు: అత్తాకోడళ్లు, తండ్రీకొడుకులు. ఇలా చేస్తే కులం, ఆస్తి, ఊరు, తాగే నీరు ఇద్దరికీ ఒకటే అవుతాయి. వయసుతోపాటు చదువొక్కటే మారుతుంది, దాన్ని విడిగా రాసుకోవచ్చు. అత్తాకోడళ్లను తీసుకుంటే ఒక మెలిక ఉంది. కోడలు పెరిగింది వేరే ఊళ్లో. ఉద్దానానికి బయటి నుంచి వచ్చిన కోడలికీ, అక్కడే పుట్టిపెరిగిన కోడలికీ తేడా ఉంటుంది. పుట్టిల్లు ఏ మండలమో తప్పక అడిగి రాయండి.

ఈ పద్ధతికి లోటూ ఉంది. ఉద్దానం నుంచి వలస ఎక్కువ. ఇంట్లో మిగిలిన కుర్రవాడు వెళ్లిపోయినవాళ్లలాంటివాడు కాకపోవచ్చు. జంట దొరకని ఇళ్లు ఎన్నో, ఎందుకు దొరకలేదో ఒక కాలమ్‌లో రాసుకోండి, అదే రిపోర్టులో ఒక పేరా అవుతుంది. బయట ఉన్న కొడుకును ఫోన్లో అడిగి జంటగా కలపకండి. అతను తాగే నీరు మారిపోయింది.

ఇళ్లు ఎంచడం. ఓటర్ల జాబితా దీనికి బాగా పనికొస్తుంది. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి వెబ్‌సైట్‌లో పోలింగ్ కేంద్రాల వారీగా దొరుకుతుంది. పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, లింగం అన్నీ ఉంటాయి. ఒకే ఇంటి నంబరు మీద 55 దాటినవారూ, 35 లోపువారూ ఉన్న ఇళ్లను ముందే గుర్తు పెట్టుకోండి. ఒక ఊళ్లో అలాంటివి 240 వచ్చాయనుకుందాం, మీకు 5 కావాలి. 240ని 5తో భాగిస్తే 48. 1 నుంచి 48 లోపు ఒక నంబరు చీటీ తీయండి. 17 వస్తే 17, 65, 113, 161, 209వ ఇళ్లు. ఇంకో ఐదు ఇళ్లు రిజర్వుగా ఇలాగే తీసి పెట్టుకోండి. ఇల్లు తాళం వేసి ఉంటే ఇంకో రెండుసార్లు వెళ్లాలి, ఒకసారి ఉదయం ఎనిమిదిలోపు, ఒకసారి సాయంత్రం ఆరు దాటాక. అప్పటికీ దొరక్కపోతేనే రిజర్వు ఇల్లు. పక్కింటికి వెళ్లడం మొదలుపెడితే ఖాళీగా ఇంట్లో ఉండేవాళ్లే మీ సర్వేలో నిండిపోతారు.

ఇంటి నంబర్లు ‘3-41/ఎ’ లాంటివి విడగొట్టుకున్న కుటుంబాలను చూపిస్తాయి. ఒకే కప్పు కింద రెండు పొయ్యిలుంటే అవి రెండు ఇళ్లు. జంట అంటే ఒక పొయ్యి మీద తినేవాళ్లే అని ముందే నియమం పెట్టుకోండి, లేకపోతే ఫీల్డులో వాదులాట తప్పదు.

ఎంతమంది అన్నది ఎక్కువమంది తప్పే చోటు. 90 మందిని ఇంకో 90 మందితో పోల్చితే, మామూలు లెక్కలో దాదాపు 21 పాయింట్ల తేడా ఉంటేనే పట్టుబడుతుంది (95 శాతం నమ్మకం, 80 శాతం సామర్థ్యం అంటే నిజంగా తేడా ఉంటే పదింట ఎనిమిదిసార్లు దొరకడం, సగం సగం జవాబుల దగ్గర). 10 పాయింట్ల తేడా పట్టాలంటే ఒక్కో వైపు 390 మంది పైన కావాలి. గైడు చెప్పిన 200 మందిని మూడు ప్రాంతాలు, రెండు తరాలు, ఆడామగా అని పన్నెండు గళ్లలోకి పంచితే గడికి 16 మంది వస్తారు. ఆ శాతాలకు అర్థమే ఉండదు.

ఇక్కడ ఇంకో దెబ్బ ఉంది. ఒకే ఊరివాళ్లు ఒకేలా జవాబిస్తారు, ఎందుకంటే తాగేది ఒకే బోరు. ఈ పోలికను 0.2 అనుకుని (0 అంటే పోలికే లేదు, 1 అంటే అందరిదీ ఒకే జవాబు), ఊరికి 10 మందిని అడిగితే డిజైన్ ఎఫెక్ట్, అంటే ఈ పోలిక వల్ల మీ సంఖ్య ఎన్నో వంతుకు పడిపోతుందన్న లెక్క, 1 + 9 × 0.2 = 2.8. మీ 90 మంది కేవలం 32 మందితో సమానం. అందుకే ఊళ్లు ఎక్కువ, ఊరికి మనుషులు తక్కువ. ఒక్కో ప్రాంతంలో 9 ఊళ్లు, ఊరికి 5 జంటలు. మూడు ఊళ్లలో 15 జంటల చొప్పున చేస్తే బస్సు ఖర్చు మిగులుతుంది, పరిశోధన మిగలదు. 9 ఊళ్లను కూడా చేతికందినవి కాకుండా, మండలంలోని ఊళ్ల పట్టిక నుంచి చీటీలు తీసి ఎంచండి. రోడ్డు పక్క ఊళ్లే వస్తే నీటి ట్యాంకర్లు, ఆర్వో ప్లాంట్లు అన్నీ ఉన్న ఊళ్లే వస్తాయి.

ఏం అడగాలి. పర్యావరణం అనే మాట మొదటి పదిహేను నిమిషాలు మీ నోటి నుంచి రాకూడదు. తాగునీరు, పొగ, దుమ్ము, చెత్త, చెట్లు, చెరువు అని వస్తువు పేరే పెట్టండి. శ్రీకాకుళం ప్రతిలో కుళాయి, నల్గొండ ప్రతిలో నల్లా అని ఉండాలి.

నేను ముందుగా పెట్టమనేది చింతగింజల ప్రశ్న. ఆరు బొమ్మ కార్డులు: తాగునీరు, పొగ–దుమ్ము, చెత్త–మురుగు, చెరువు–చెట్లు, పని–ఆదాయం, ఆసుపత్రి–మందులు. పది గింజలు చేతికిచ్చి ‘మీ ఊళ్లో ముందు బాగుపడాల్సింది ఏదో దానికి ఎక్కువ పెట్టండి, వద్దనుకున్నదానికి అసలు పెట్టకపోయినా పర్లేదు’ అనండి. పన్నెండు గింజలు ఇవ్వకండి. ఆరు కార్డులకు తలా రెండు పెట్టి ‘అన్నీ ముఖ్యమే’ అంటారు, ముఖ్యంగా పెద్దవాళ్లు, ఎవరినీ నొప్పించకుండా. పది అయితే సమంగా పంచలేరు, ఎక్కడో తేల్చుకోవాల్సిందే. పెట్టడం అయ్యాక ‘మూడు గింజలు వెనక్కి ఇవ్వమంటే దేనిలోంచి తీస్తారు’ అని అడిగి, రెండు లెక్కలూ రాయండి. రెండోసారి కదలని గింజలే అసలైన జవాబు. పద్ధతి చూపించేటప్పుడు ఈ కార్డులతో చూపించకండి, మీరు పెట్టినట్టే పెడతారు. మామిడిపండు, అరటిపండు బొమ్మలు వేరేగా ఉంచుకోండి. ప్రతి ఇంట్లో కార్డుల వరుస మార్చాలి.

ఉద్దానంలో ఆసుపత్రి కార్డు మీద గింజలు కుప్ప పడతాయి. అది పర్యావరణం కాదని వదిలేస్తే సగం పోయినట్టే. ‘ఇది ఎందుకు’ అని అడిగి వాళ్ల మాటల్లోనే రాయండి. ‘నీళ్లు బాగుంటే ఈ ఆసుపత్రి ఎందుకు’ అన్న జవాబును నీటి కిందే కలపాలా వద్దా అన్నది ఫీల్డుకు వెళ్లకముందే కాగితం మీద తేల్చుకోండి. ఫలితాలు చూశాక తేల్చుకుంటే మీకు నచ్చినవైపు తేలుతుంది.

రెండోది, అవును–కాదు ప్రశ్నలకు బదులు ఇద్దరి మాటలు. ‘ఊరి పక్కన ఫ్యాక్టరీ వస్తుందంటున్నారు. ఒకరేమో, మన పిల్లలకు పని దొరుకుతుంది, కాస్త పొగా దుమ్మూ ఓర్చుకోవచ్చు అంటున్నారు. ఇంకొకరు, నీళ్లూ పొలాలూ పాడైతే ఆ పని ఎన్నాళ్లు, రాకపోతేనే మేలు అంటున్నారు. మీకు ఎవరి మాట సబబు?’ చదువు తక్కువున్నవాళ్లు, అందులో పెద్ద వయసువాళ్లు, ఎదుటివాళ్లు ఏం చదివినా ఔననడం మర్యాద అనుకుంటారు. ఇద్దరి మాటలు పెడితే ఆ మర్యాదకు తావుండదు. సగం ఇళ్లలో ఫ్యాక్టరీ కావాలన్న మాట ముందు, సగం ఇళ్లలో వద్దన్న మాట ముందు చదవాలి.

మూడోది జ్ఞాపకం. ‘మీ చిన్నప్పుడు ఎండాకాలంలో చెరువులో నీళ్లుండేవా? మీ ఇంటి మొదటి బోరు ఎన్ని అడుగులు, ఇప్పటిది ఎన్ని?’ మత్స్య శాస్త్రవేత్త డేనియల్ పౌలీ 1995లో చెప్పిన సంగతి ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. ప్రతి తరమూ తన చిన్ననాటి స్థితినే మామూలు స్థితి అనుకుని, అక్కడి నుంచి నష్టాన్ని కొలుస్తుంది. ఎండిన చెరువును చూస్తూ పెరిగినవాడికి అది నష్టంగా తోచదు. దాన్ని పట్టింపు లేకపోవడంగా రాయకూడదు. పెద్దవాళ్ల జ్ఞాపకాన్నీ అలాగే నమ్మేయకండి, ఆ రోజుల్లో అంతా బాగుండేదనడం వయసు లక్షణం. బోరు లోతు లాంటి అంకె ఒకటి పక్కన ఉంటే నమ్మకం పెరుగుతుంది.

మాట వేరు, చేత వేరు, పొదుపు వేరు. ఈ మూడింటినీ కలిపి ఒక స్కోరు చేయడం మన దగ్గరి ప్రాజెక్టుల్లో నేను ఎక్కువగా చూసే తప్పు. పాలప్యాకెట్లు కడిగి, ఎండబెట్టి, పాతసామాన్లవాడికి తూకానికి వేసే అత్తగారు చేస్తున్నది పొదుపు. మొక్క నాటిన ఫొటో స్టేటస్‌లో పెట్టి, నెలలో నాలుగు పార్శిళ్లు తెప్పించుకునే కుర్రవాడిది మాట. రెండింటికీ విలువ ఉంది, కానీ ఒక తక్కెడలో వేయలేం. ప్రతి పనికీ రెండు గళ్లు పెట్టండి: చేస్తారా, డబ్బు మిగలకపోయినా చేస్తారా. మనిషి మనిషికీ విడిగా లెక్క వచ్చేవే అడగండి: గత 30 రోజుల్లో ఆన్‌లైన్ పార్శిళ్లు, గత ఆరు నెలల్లో కొన్న బట్టల జతలు, బజారుకు వెళ్తే ఎన్నిసార్లు సంచి వెంట పట్టుకెళ్లారు. కరెంటు బిల్లు అడగకండి. అది ఇంటిది, తరానికి పంచలేరు.

ఊరి కోసం చేసినవి వేరే అడగాలి: గత ఏడాదిలో అర్జీ పెట్టారా, గ్రామసభలో నీటి గురించి మాట్లాడారా, ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లారా, ఫోన్లో ఏమైనా పంపారా. ఇక్కడ ఒక మోసం ఉంటుంది. 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, కలెక్టరు లేదా అదనపు జిల్లా మెజిస్ట్రేటు హోదాకు తగ్గని అధికారి నిర్వహించాలి. సభ పనిరోజు పట్టపగలు పెడతారు. కూలికి పోయేవాళ్లు, కాలేజీకి వెళ్లేవాళ్లు రాలేరు. వచ్చేది ఎక్కువగా పెద్దమనుషులే. ఆ హాజరు చూసి పెద్దవాళ్లకే పట్టింపు అంటే, స్టేటస్ చూసి కుర్రవాళ్లకే పట్టింపు అనడంలాంటి పొరపాటే.

రాజకీయం, అడవి, ఆశ. ఆంధ్రప్రదేశ్‌లో ‘చెత్త సేకరణకు నెలకు ఎంత ఇస్తారు’ అని అడగకండి. 2021లో మొదలై 2024లో ఎత్తేసిన చెత్త పన్ను పార్టీల గొడవగా మారింది. మీకొచ్చేది ఓటు, పట్టింపు కాదు. మున్ముందు అమ్రాబాద్ వైపో, భద్రాద్రి వైపో వెళ్తే ‘అడవిని కాపాడాలా’ అని అడగకండి. పోడు చేసుకునేవాళ్లకు మీరు అటవీ శాఖ మనుషుల్లా కనిపిస్తారు, భయంతో ఔననేస్తారు. అదే నల్లమలలో 2019లో యురేనియం తవ్వకాల మీద ఎంత గట్టిగా నిలబడ్డారంటే, ఆ సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ వ్యతిరేకంగా తీర్మానం చేయాల్సి వచ్చింది.

ఉద్దానంలో రక్తం తీసుకుపోయినవాళ్లనూ, ఫారాలు నింపుకుపోయినవాళ్లనూ జనం చాలామందిని చూశారు. మొదటి వాక్యమే ‘మేం విద్యార్థులం, దీనివల్ల మీకు పథకం గానీ డబ్బు గానీ రాదు, ఇష్టం లేకపోతే వద్దనండి’ అని ఉండాలి. ఈ మాట లేకపోతే కష్టాలు పెంచి చెప్తారు, అది కూడా పథకాలకు అలవాటుపడ్డ పెద్దవాళ్లు ఎక్కువ పెంచుతారు. తరాల తేడా అక్కడే పుట్టుకొచ్చేస్తుంది. ఇంట్లో ఎవరికి జబ్బు ఉందని మీరు అడగొద్దు. వాళ్లంతట వాళ్లు చెప్తే రాసుకోండి, పేరు లేకుండా.

ఇద్దరినీ ఒకే సమయంలో, విడిగా అడగాలి. ఒకరు ఇంటి ముందర, ఒకరు పెరట్లో. అత్త వింటుంటే కోడలి గింజలు అత్త గింజల వెంటే పోతాయి. ఆడవాళ్లను ఆడవాళ్లే అడిగితే మేలు. 25 నిమిషాలు దాటితే జవాబులు పొట్టిగా అయిపోతాయి, అక్కడికి ఆపేలా ఫారం కుదించండి. ఇద్దరి బృందం రోజుకు నాలుగు జంటలు చేయగలదు. చోటుకొక బృందం చొప్పున పెడితే ఒక్కోచోట 45 జంటలకు పన్నెండు రోజులు. రెండు ప్రాంతాలూ ఒకే పక్షంలో అవ్వాలి. ఒకటి జనవరిలో, ఒకటి మేలో చేస్తే మీరు కొలిచింది ఎండను. మధ్యలో తుపానో, పెద్ద వార్తో వస్తే తేదీ రాసి పెట్టుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి తోటలను పడగొట్టాక ఉద్దానంలో ఏ సర్వే చేసినా అందరి నోటా చెట్లే వచ్చుండేవి.

లెక్క కట్టడం. తరాల పోలికకు మెక్‌నెమార్ పరీక్ష (జంటల అవును–కాదు జవాబుల్లో తేడా కాకతాళీయమా అని చూసే లెక్క) చాలు. ఫ్యాక్టరీ ప్రశ్నకు ఇద్దరూ ఒకే జవాబిచ్చిన జంటలను పక్కన పెట్టండి. ఉదాహరణకు 30 జంటల్లో మాట తేడా వచ్చింది, 21 చోట్ల పెద్దవాళ్లు వద్దన్నారు, 9 చోట్ల చిన్నవాళ్లు వద్దన్నారు. (21 – 9) వర్గాన్ని 30తో భాగిస్తే 4.8. 95 శాతం నమ్మకానికి హద్దు 3.84, దాటింది కాబట్టి తేడా ఉన్నట్టు. తేడాలోంచి 1 తగ్గించే దిద్దుబాటు వేసి 12కు బదులు 11తో కట్టినా 4.03 వస్తుంది, ఫలితం మారదు. దీన్ని రెండు ప్రాంతాలకూ విడివిడిగా చేయండి. కలిపి మాత్రమే చేస్తే నల్గొండలో ఒకవైపు, ఉద్దానంలో ఇంకోవైపు మొగ్గిన తేడాలు ఒకదాన్నొకటి చెరిపేసి, తరాల తేడా లేదని వస్తుంది. ప్రచురణకు వెళ్లిన పేపర్లలో కూడా ఈ పొరపాటు ఉంటుంది.

ప్రాంతాల పోలికకు 90 మందిని 90 మందితో పోల్చకండి. ఊరి సగటు కట్టి, 9 ఊళ్ల సగటులను 9 ఊళ్ల సగటులతో టీ–టెస్టు (రెండు సగటుల తేడా కాకతాళీయమా అని చూసే లెక్క) చేయండి. స్వేచ్ఛాంశాలు (18 ఊళ్లలోంచి 2 తీస్తే) 16, దాటాల్సిన హద్దు 2.12. మొరటు పద్ధతే, కానీ ఒకే బోరు తాగినవాళ్లను వేర్వేరు సాక్షులుగా లెక్కవేసే తప్పు జరగదు. గింజల మొత్తం ఎప్పుడూ పదే కాబట్టి ఒక కార్డు పెరిగితే ఇంకోటి తగ్గాల్సిందే. ఆరు కార్డుల మధ్య కోరిలేషన్లు కట్టి మైనస్ గుర్తులు చూసి సిద్ధాంతాలు అల్లకండి.

గైడు అంతర్జాతీయ స్కేలు ఒకటి కావాలని పట్టుబట్టొచ్చు. సాధారణంగా అడిగేది ఎన్‌ఈపీ. ప్రకృతితో మనిషి సంబంధం మీద జనం అభిప్రాయాన్ని కొలిచే వాక్యాల జాబితా అది. 1978లో 12 వాక్యాలతో వచ్చింది, 2000లో 15 వాక్యాలకు మార్చారు. అందులో భూమిని అంతరిక్ష నౌకతో పోల్చే వాక్యం ఒకటుంది, మందసలో చదివి చూడండి. తప్పదంటే చివర్లో, గింజలన్నీ అయ్యాక, పదో తరగతి దాటినవాళ్లకే పెట్టి, ఫలితాన్ని అనుబంధంలో వేయండి. చదువు ఒకటే ఉన్న జంటలను విడదీసి ఆ స్కోరు చూస్తే, తరాల తేడాలో ఎంత భాగం మాయమైందో గైడుకే కనిపిస్తుంది. అలాంటి జంటలు పది కంటే తక్కువ వస్తే శాతాలు రాయకండి, జంటల సంఖ్య మాత్రం రాసి వదిలేయండి.